రాస్ప్‌బెర్రీ పైతో డిజిటల్ హామ్ టీవీ: పోర్ట్స్‌డౌన్ కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్ట్స్‌డౌన్ అంటే ఏమిటి? ఎవరు తయారు చేశారు?

రేడియో తరంగాల మీద మాటతో సరిపెట్టుకోకుండా బొమ్మ కూడా పంపాలనుకునే హామ్‌లు, అంటే సరదా కోసం రేడియో నడిపేవారు, 1949లో బ్రిటన్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు బ్రిటిష్ అమెచ్యూర్ టెలివిజన్ క్లబ్, పొట్టిగా బీఏటీసీ. ఆ సంఘ సభ్యులు రాస్ప్‌బెర్రీ పై (పొట్టిగా పై) అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆధారంగా రూపొందించిన డిజిటల్ టీవీ ట్రాన్స్‌సీవరే, అంటే బొమ్మను పంపి, అందుకునే పరికరమే పోర్ట్స్‌డౌన్. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పోర్ట్స్‌మత్ నగరానికి ఉత్తరాన ఉన్న సుద్దరాతి గుట్ట పేరు దీనికి పెట్టారు. వీళ్లకు తమ చుట్టుపక్కల పేర్లంటే మోజు ఎక్కువే. రైడ్ అనే రిసీవర్ పేరు ఎదుటి వైట్ ద్వీపంలోని ఊరిది, లాంగ్‌స్టన్ అనే మాటల ట్రాన్స్‌సీవర్ పేరు పక్కనున్న రేవుది.

ఇది పెట్టెలో పెట్టి అమ్మే కిట్ కాదు. సాఫ్ట్‌వేర్ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. బోర్డులు, తెర, కెమెరా, ఆంప్లిఫయర్ మాత్రం మనమే సమకూర్చుకోవాలి.

నాకు లినక్స్ పెద్దగా రాదు. కట్టగలనా?

కట్టగలరు. మెమరీ కార్డులో ఆపరేటింగ్ సిస్టమ్ రాసి, నెట్‌వర్క్ ద్వారా పైలోకి ప్రవేశించి, ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిపితే మిగతా పని అదే చేసుకుంటుంది. ఆ తరువాత కీబోర్డుతో పెద్దగా పని ఉండదు. ఫ్రీక్వెన్సీ, సింబల్ రేట్ (సెకనుకు ఎన్ని సంకేతాలు పంపాలో చెప్పే అంకె), కెమెరా ఎంపిక అన్నీ ఏడు అంగుళాల టచ్ తెర మీది బటన్లతోనే మార్చుకోవచ్చు.

కంప్యూటర్ గురించి భయపడుతూ వచ్చేవారే ఎక్కువ. నిజానికి ఈ పనిలో కంప్యూటరే అన్నిటికంటే తేలిక. తిప్పలు పెట్టేవి ఫిల్టర్లు, ఆంప్లిఫయర్, యాంటెన్నా, కోయాక్స్ కేబుల్. వారాంతంలో పై సిద్ధం చేసి, ఇక అంతా అయిపోయిందని తేలికపడేవారు అసలు పని ఇంకా మొదలుపెట్టలేదన్నమాట.

పై 4 కొనాలా? పై 5 ఇంకా వేగంగా ఉంటుంది కదా?

వేగంగా ఉంటుంది, కానీ ఇక్కడ చూడాల్సింది వేగం ఒక్కటే కాదు. కెమెరా బొమ్మను కుదించడానికి పై 4 చిప్‌లో హెచ్.264 ఎన్‌కోడర్ హార్డ్‌వేర్‌గా ఉంది. పై 5లో దాన్ని తీసేశారు. అందులో ఆ భారమంతా ప్రాసెసర్ మీద, సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. పైగా పై 4 కోసం రాసిన పోర్ట్స్‌డౌన్ 4 మెమరీ కార్డును తీసి పై 5లో పెడితే నడవదు. పోర్ట్స్‌డౌన్ 4 కట్టాలనుకుంటే పై 4 తీసుకోండి, 2 జీబీ మెమరీ చాలు.

బొమ్మను ఇంకా గట్టిగా కుదించే హెచ్.265 కావాలంటే పై 4 చిప్ దాన్ని చూపించగలదే గానీ, తయారు చేసే హార్డ్‌వేర్ అందులో లేదు. ఆ పనికి కొందరు జెట్సన్ నానో బోర్డును జత చేసుకుంటారు. మొదటిసారి కట్టేవారు ఆ జోలికి పోనక్కరలేదు.

ఒక చిన్న హెచ్చరిక: సరఫరాను ఏదో ఫోను ఛార్జర్‌కు వదిలేయకండి. 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే మంచి అడాప్టర్ పెట్టండి. వోల్టేజీ కాస్త జారినా పై తన వేగం తానే తగ్గించుకుంటుంది, బొమ్మ ముక్కలవుతుంది, మీరేమో యాంటెన్నాను అనుమానిస్తూ మేడ ఎక్కుతారు.

సిగ్నల్ తయారు చేయడానికి లైమ్‌ఎస్‌డీఆర్ మినీ మంచిదా, ప్లూటో మంచిదా?

రెండూ ఎస్‌డీఆర్‌లే, అంటే సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు రేడియో సిగ్నల్ పుట్టించే బోర్డులు. రెండూ పనికొస్తాయి. లైమ్ మినీ 10 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్ వరకు పలుకుతుంది, యూఎస్‌బీ 3తో కలుస్తుంది. అనలాగ్ డివైసెస్ వారి ప్లూటో కాగితం మీద 325 మెగాహెర్ట్జ్ నుంచి 3.8 గిగాహెర్ట్జ్ వరకే. సెట్టింగు మారిస్తే 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ వరకు సాగుతుంది, హామ్‌లు దాదాపు అందరూ అలాగే వాడతారు. రెండింటి నుంచీ బయటికొచ్చేది కొన్ని మిల్లీవాట్లే.

లైమ్‌కు ఒక పాడు అలవాటు ఉంది. ప్రసారం మొదలుపెట్టే ముందు తనను తాను సరిచూసుకునే క్రమంలో అవుట్‌పుట్ వైపు ఒక్క క్షణం గట్టి పోటు వదులుతుంది. ఆ క్షణంలో ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంటే దాని ట్రాన్సిస్టర్‌కు ప్రాణగండమే. అందుకే పోర్ట్స్‌డౌన్ ఆ సరిచూత ముగిశాకే పీటీటీ లైను, అంటే ప్రసారం మొదలుపెట్టమని చెప్పే తీగ, ఎత్తుతుంది. ఆంప్లిఫయర్‌కు కరెంటు నేరుగా ఇచ్చి వదిలేయకుండా, ఆ పీటీటీ లైనుతోనే నడిపించండి. పై పిన్నులు 3.3 వోల్టులవి, రిలేను మోసే బలం వాటికి లేదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టాలి.

ఎస్‌డీఆర్ లేకుండా పై పిన్ను నుంచే నేరుగా ప్రసారం చేయవచ్చని విన్నాను. నిజమేనా?

నిజమే. ఈ కథ మొదలైంది అక్కడే. పై జీపీఐవో పిన్ను నుంచే డిజిటల్ టీవీ సిగ్నల్ పుట్టించే సాఫ్ట్‌వేర్‌ను ఫ్రాన్స్‌కు చెందిన ఒక హామ్ రాశాడు, బ్రిటన్ వారు దాని మీద తమ ఇల్లు కట్టుకున్నారు. మొదటి పోర్ట్స్‌డౌన్‌లలో పై నుంచి వచ్చే ఐ, క్యూ సంకేతాలను (సిగ్నల్‌లోని రెండు పాయలను) ఒక ఫిల్టర్ మాడ్యులేటర్ బోర్డుకు పంపి, ఏడీఎఫ్4351 చిప్‌ను ఆసిలేటర్‌గా వాడేవారు. పిన్ను నుంచి నేరుగా తీసే పద్ధతికి వాళ్లే కురూపి అని పేరు పెట్టారు. హార్మోనిక్స్‌తో (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే నకళ్లతో), అక్కరలేని సిగ్నళ్లతో నిండి ఉంటుంది కాబట్టి ఆ పేరు తగినదే. బల్ల మీద జానెడు వైరుతో రిసీవర్‌ను పరీక్షించడానికి బాగుంటుంది. యాంటెన్నాకు తగిలించకండి.

సింబల్ రేట్ ఎంత పెట్టాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది ఇదే, అడిగేవారు మాత్రం తక్కువ.

ఇంటి డీటీహెచ్ ఛానెళ్లు సెకనుకు కోట్ల సింబల్స్ పంపుతాయి. హామ్‌లకు అంత చోటూ లేదు, అంత శక్తీ లేదు. వాళ్లు సెకనుకు 333 వేలు, 250 వేలు, 125 వేలు, ఒక్కోసారి ఇంకా తక్కువతో సరిపెట్టుకుంటారు. సింబల్ రేట్‌ను 1.35తో గుణిస్తే సిగ్నల్ ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో తెలుస్తుంది. 333కు అది సుమారు 450 కిలోహెర్ట్జ్. పాత అనలాగ్ ఎఫ్‌ఎం టీవీ మెగాహెర్ట్జ్‌ల కొద్దీ మింగేది. ఇంత ఇరుకులో పట్టడం వల్లే 437 మెగాహెర్ట్జ్ దగ్గర, బ్రిటన్‌లో ప్రత్యేక అనుమతితో 146 నుంచి 147 మెగాహెర్ట్జ్ మధ్య కూడా టీవీ పంపడం సాధ్యమైంది.

రేటు సగం చేస్తే రిసీవర్‌లోకి వచ్చే నాయిస్ కూడా సగమవుతుంది. అంటే 3 డెసిబెల్స్ లాభం, అదే ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం. 333 నుంచి 125కు దిగితే 4 డెసిబెల్స్‌కు పైనే కలిసొస్తుంది. కొత్త ఆంప్లిఫయర్ ధర చూశాక ఈ లెక్క మరింత ముద్దొస్తుంది. కాకపోతే బొమ్మకు మిగిలే బిట్లు తగ్గుతాయి. ఉపగ్రహ టీవీ ప్రమాణమైన డీవీబీ-ఎస్2లో 333 రేటు, 3/4 ఎఫ్‌ఈసీ (దీని సంగతి తరువాతి ప్రశ్నలో) పెడితే మొత్తం మీద సెకనుకు సుమారు 490 కిలోబిట్లు వస్తాయి. ధ్వనికి, ఇతర ఖర్చులకు కొంత పోయినా కూర్చుని మాట్లాడే మనిషి ముఖం చక్కగానే కనిపిస్తుంది. 125కు దిగితే తల ఊపినప్పుడల్లా బొమ్మ చెదురుతుంది. కదలని టెస్ట్ కార్డుకు, కాల్ సైన్ (హామ్ గుర్తింపు పేరు) చూపడానికి, దూరపు కాంటాక్టు నమోదు చేసుకోవడానికి అది చాలు.

మొదలుపెట్టేవారికి నా సలహా 333. పరీక్షించడానికి తోడు దొరకడం దానితోనే సులువు.

ఎఫ్‌ఈసీ సంగతి?

దారిలో చెడిపోయిన బిట్లను సరిచేయడానికి కొన్ని అదనపు బిట్లు కూడా పంపుతారు, మొత్తంలో అసలు బిట్ల వాటా ఎంతో ఈ అంకె చెబుతుంది: 3/4 అంటే నాలుగింట మూడు అసలువి, ఒకటి అదనం. డీవీబీ-ఎస్2 ప్రమాణం ప్రకారం క్యూపీఎస్‌కే (ఒక్కో సింబల్‌కు రెండు బిట్లు మోసే పద్ధతి) 1/2కు సిగ్నల్, నాయిస్ కంటే 1 డెసిబెల్ పైన ఉంటే చాలు, 3/4కు 4 కావాలి, 9/10కు ఆరు దాటాలి. 1/4కు అయితే సిగ్నల్ నాయిస్ కంటే కింద ఉన్నా బొమ్మ వస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఎఫ్‌ఈసీ తగ్గించండి, అంతే.

మాటకు 5 వాట్లతో వంద కిలోమీటర్లు పోయేది. టీవీకి ఎందుకు పోదు?

హామ్‌లు మాటను ఇరుకుగా పంపే ఎస్‌ఎస్‌బీ పద్ధతిలో దాదాపు 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. 333 రేటు టీవీ దానికి సుమారు 140 రెట్ల వెడల్పులో నాయిస్‌ను వింటుంది. అంటే 21 డెసిబెల్స్ నష్టంతో ఆట మొదలవుతుంది. అందుకే ఎత్తైన గుట్టలు, పొడవైన యాగీ యాంటెన్నాలు, రిసీవర్ వైపు యాంటెన్నా దగ్గరే పెట్టే ప్రీఆంప్లిఫయర్లు కావాలి. బ్రిటన్ హామ్‌లు పోటీల రోజున కారెక్కి కొండ మీదికి చేరడం సరదా కోసం మాత్రమే కాదు.

అన్నట్టు ఆ పోటీల్లో ఒక ముచ్చటైన నియమం ఉంది. ప్రతి స్టేషనూ నాలుగంకెల సంఖ్య ఒకటి తెర మీద చూపాలి, అవతలివారు దాన్ని బొమ్మలోంచే చదవాలి. మాటలో చెప్పేస్తే లెక్కలోకి రాదు.

ముందు ట్రాన్స్‌మిటర్ కట్టాలా, రిసీవర్ కట్టాలా?

రిసీవర్. దీనిలో రెండో ఆలోచన వద్దు. ఎదుటివారి సిగ్నల్ చూడలేనివారు తమ సిగ్నల్ ఎలా ఉందో కూడా చూసుకోలేరు.

మామూలు డీటీహెచ్ పెట్టెలు దీనికి పనికిరావు. ఇంత తక్కువ సింబల్ రేట్‌ను అవి పట్టవు. ఫ్రాన్స్ హామ్‌లు రూపొందించిన మినీటియూనర్ అనే యూఎస్‌బీ బోర్డు ఈ లోటు తీర్చింది. శాటిలైట్ ట్యూనర్ ఒకటి, దాన్ని కంప్యూటర్‌తో కలిపే ఎఫ్‌టీడీఐ మాడ్యూల్ ఒకటి, స్థూలంగా అంతే. 144 మెగాహెర్ట్జ్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది. పోర్ట్స్‌డౌన్‌లో దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు లాంగ్‌మిండ్. అది తెర మీద సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఎంఈఆర్ అనే అంకె, దాని పక్కన డీ అనే అంకె చూపిస్తుంది. బొమ్మ ఆగిపోయే గీతకు మీరు ఎన్ని డెసిబెల్స్ పైన ఉన్నారో డీ చెబుతుంది. యాంటెన్నా తిప్పేటప్పుడు బొమ్మను కాదు, ఆ అంకెను చూడండి. డిజిటల్ బొమ్మ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. అనలాగ్ రోజుల్లో లాగా మంచు కురిసినట్టు మసకగా కనిపించి దారి చూపే దయ దానికి లేదు.

ట్రాన్స్‌మిటర్‌ను రిసీవర్‌కు కేబుల్‌తో నేరుగా కలిపి పరీక్షిస్తే మధ్యలో సిగ్నల్‌ను 40 నుంచి 60 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ తప్పనిసరి. రిసీవర్ సాకెట్ నుంచి ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండే సిగ్నల్ అందుకునే భాగానికి) 13 లేదా 18 వోల్టులు వెళుతుంటే ఆ సరఫరా ముందే ఆపండి. లేదంటే అటెన్యుయేటరో ఎస్‌డీఆరో కాలిపోతుంది.

60 వాట్ల ఆంప్లిఫయర్ కొన్నాను. 60 వాట్లు తీసుకోవచ్చా?

వద్దు. ఎఫ్‌ఎంలో ఆంప్లిఫయర్‌ను ఎంత పిండినా పరవాలేదు, ఎందుకంటే అక్కడ సిగ్నల్ ఎత్తు మారదు. క్యూపీఎస్‌కే సిగ్నల్ ఎత్తు క్షణక్షణం మారుతూ ఉంటుంది. శిఖరాలను ఆంప్లిఫయర్ నరికేస్తే రెండు నష్టాలు. ఒకటి, మీ ఎంఈఆర్ మీ దగ్గరే పడిపోతుంది, అవతలివారికి ఎంత బలంగా చేరినా బొమ్మ విప్పుకోదు. రెండు, స్పెక్ట్రమ్‌లో సిగ్నల్‌కు రెండు పక్కలా భుజాలు మొలుస్తాయి, పక్క ఫ్రీక్వెన్సీలో పని చేసుకుంటున్నవారి మీద మీ చెత్త పడుతుంది.

ఆంప్లిఫయర్ మీద రాసి ఉన్న శక్తిలో నాలుగో వంతు దగ్గర ఆగడం మంచి మొదలు. 60 వాట్లని చెప్పే మిత్సుబిషి మాడ్యూల్ నుంచి 15 వాట్లు శుభ్రంగా వస్తే సంతోషించాలి. అసలు కొలత మాత్రం వాట్‌మీటర్ మీద కాదు, స్పెక్ట్రమ్ మీద చూసుకోవాలి. డ్రైవ్ మెల్లగా పెంచుతూ భుజాలను గమనించండి. అవి సిగ్నల్ తలకు 25, 30 డెసిబెల్స్ కిందే ఉన్నంతవరకు సరే. పైకి లేవడం మొదలవగానే వెనక్కి తగ్గండి. స్పెక్ట్రమ్ అనలైజర్ లేదంటారా? పోర్ట్స్‌డౌన్‌లోనే లైమ్ సాయంతో నడిచే బ్యాండ్‌వ్యూయర్ ఉంది, ఇంకొకరి సెట్టుతో మీ సిగ్నల్ చూసుకోవచ్చు.

ఆంప్లిఫయర్ తరువాత ఫిల్టర్ పెట్టండి. ఎస్‌డీఆర్‌లు హార్మోనిక్స్‌ను ఏమాత్రం వడకట్టకుండా బయటికి పంపుతాయి. వేడి గురించి కూడా ఒక మాట: మాటల్లో ఎప్పటికప్పుడు విరామం దొరుకుతుంది. టీవీ క్యారియర్ నిమిషాల తరబడి ఆగకుండా నిలబడుతుంది కాబట్టి హీట్‌సింక్, ఫ్యాను ఒక మెట్టు పెద్దవే వాడండి.

కెమెరా ఏది?

పై కెమెరా, యూఎస్‌బీ వెబ్‌క్యామ్, వీడియోను యూఎస్‌బీగా మార్చే డాంగిల్ ఏదైనా సరే. ముఖం మీద మంచి వెలుతురు పడేలా చూడండి. చీకటి గదిలో కెమెరా పుట్టించే గింజలను కూడా ఎన్‌కోడర్ నిజాయితీగా కుదించి పంపుతుంది, ఉన్న కాసిని బిట్లూ వాటికే ఖర్చయిపోతాయి. వెనక సాదా గోడ ఉంటే ఇంకా మేలు. తిరిగే సీలింగ్ ఫ్యాను ఫ్రేములో పడనివ్వకండి.

బొమ్మ ఆలస్యంగా చేరుతుంది. తప్పు ఎక్కడ?

తప్పేమీ లేదు. కుదించడం, పోగు చేయడం, విప్పడం కలిపి సెకను నుంచి కొన్ని సెకన్లు పడుతుంది. రేటు తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే పక్కన మాటల రేడియో ఒకటి ఉంచుకుంటారు. బ్రిటన్‌లో టీవీ హామ్‌లు పలకరించుకునే చోటు 144.75 మెగాహెర్ట్జ్.

తెలుగు నేల మీద దగ్గర్లో టీవీ హామ్ ఎవరూ లేరు. ఒక్కడినే కట్టి ఏం చూడను?

ఆకాశం చూడండి. 2018 నవంబర్ 15న ఫాల్కన్ 9 రాకెట్ మీద ఎగిరిన ఖతార్ ఉపగ్రహం ఎస్‌హైల్-2లో హామ్‌ల కోసం రెండు ట్రాన్స్‌పాండర్లు (కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు) ఉన్నాయి. హామ్‌లు దాన్ని క్యూవో-100 అంటారు. భూస్థిర కక్ష్యలో 25.9 డిగ్రీల తూర్పున నిలిచి ఉంది. దాని చూపు బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ వరకు ఆనుతుంది, భారతదేశం మొత్తం అందులో ఉంది. రెండింటిలో వెడల్పాటి ట్రాన్స్‌పాండర్ టీవీ కోసమే. దిగువకు 10491 నుంచి 10499 మెగాహెర్ట్జ్, 10491.5 దగ్గర 1500 రేటుతో బీకన్ (గుర్తుగా ఆగకుండా వచ్చే సిగ్నల్) ఎప్పుడూ ఉంటుంది. యూరప్ హామ్‌ల బొమ్మలు దాని పక్కన వచ్చి పోతుంటాయి.

హైదరాబాద్ నుంచి చూస్తే అది పడమరకు కాస్త దక్షిణంగా, దిక్సూచి మీద సుమారు 257 డిగ్రీల వైపు, నేలకు 28 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విశాఖపట్నం నుంచి ఇంకా కిందికి, 23 డిగ్రీల దగ్గర. ఇంటి డీటీహెచ్ డిష్ చూసే దిక్కు ఇది కాదు. పడమట ఎత్తైన అపార్ట్‌మెంట్ ఉంటే డిష్‌ను మేడ మీద మరో మూలకు మార్చుకోవాల్సిందే.

మామూలు యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ చాలు. దాని లోపలి ఆసిలేటర్ 9750 మెగాహెర్ట్జ్ కాబట్టి బీకన్ 741.5 మెగాహెర్ట్జ్ దగ్గర దిగుతుంది. ఇది డీటీహెచ్ పెట్టెలు వెతికే 950కి కిందే ఉంది, మినీటియూనర్‌కు మాత్రం ఇబ్బంది లేదు. టీవీ ట్రాన్స్‌పాండర్ క్షితిజ సమాంతర ధ్రువణంలో ఉంటుంది, దానికి 18 వోల్టులు ఇవ్వాలి. మనం ఉపగ్రహానికి బాగా తూర్పున ఉండటం వల్ల ఇక్కడ ఒక చిక్కుంది. హైదరాబాద్‌లో ఎల్‌ఎన్‌బీని దాని గొట్టంలో దాదాపు 68 డిగ్రీలు తిప్పాలి. అంత తిప్పడానికి బ్రాకెట్ ఒప్పుకోకపోతే 18కి బదులు 13 వోల్టులు ఇవ్వండి. అది 90 డిగ్రీలు తిప్పినట్టే. ఇక మిగిలిన 22 డిగ్రీలు రెండో వైపుకు తిప్పితే సరిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక డిష్ చిన్నదని పెద్దది కొనేవారు ఉంటారు.

డిష్ కొనకముందే రుచి చూడాలంటే ఇంగ్లండ్ నైరుతి మూలన గూన్‌హిలీ భూకేంద్రంలో పెట్టిన రిసీవర్ ద్వారా ఈ ట్రాన్స్‌పాండర్ స్పెక్ట్రమ్‌ను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూడవచ్చు. పైకి పంపేవారంతా దాన్ని చూసే తమ సిగ్నల్ బీకన్ కంటే ఎత్తుగా లేదని సరిచూసుకుంటారు.

మన దేశంలో ప్రసారం చేయడానికి ఏం కావాలి?

హామ్ లైసెన్స్. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది, పన్నెండేళ్లు నిండినవారు రాయవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది, తెలుగువారికి ఇది దగ్గరి దారి.

బ్రిటన్ హామ్‌ల ఫ్రీక్వెన్సీ పట్టికను యథాతథంగా ఇక్కడ వాడకండి. వాళ్ల 146 మెగాహెర్ట్జ్ అనుమతి వాళ్లదే, మన రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 వరకే. 70 సెంటీమీటర్ల బ్యాండ్ మనకు 434 నుంచి 438 వరకు, అందులో 435 నుంచి పైభాగం ఉపగ్రహాలది కూడా. క్యూవో-100 టీవీకి పైకి పంపాలంటే 2401.5 నుంచి 2409.5 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేయాలి. మీ లైసెన్స్‌కు వర్తించే పట్టికలో ఆ ఫ్రీక్వెన్సీ, ఆ ప్రసార రకం, ఆ శక్తి ఉంటేనే బటన్ నొక్కండి. లేకపోతే వినడంతో ఆగండి. ప్రసార పరికరాల దిగుమతికీ నియమాలున్నాయి, ఆర్డర్ పెట్టేముందే కనుక్కోండి. సినిమా పాటలు, వ్యాపార ప్రకటనలు, తాళం వేసిన సంకేతాలు హామ్ బ్యాండ్ల మీద నిషిద్ధం. కాల్ సైన్ బొమ్మలో కనిపించాలి, పోర్ట్స్‌డౌన్ దాన్ని తానే అచ్చువేస్తుంది.

అన్నీ కట్టాను. స్పెక్ట్రమ్‌లో సిగ్నల్ కనిపిస్తోంది, బొమ్మ రావడం లేదు.

రెండు వైపులా సింబల్ రేట్ ఒకటేనా చూడండి. తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది. ఆ తరువాత ఫ్రీక్వెన్సీ: చవక ఆసిలేటర్ పది లక్షల్లో 25 వంతులు తప్పినా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 60 కిలోహెర్ట్జ్ అవుతుంది, 125 రేటు సిగ్నల్‌కు ఆ తేడా పెద్దదే. ఎల్‌ఎన్‌బీ జరుగుడు దీనికి అదనం, ఎండలో ఒక చోట, రాత్రి ఇంకొక చోట ఉంటుంది. సిగ్నల్ బలంగా ఉండి కూడా ఎంఈఆర్ తక్కువగా ఉంటే డ్రైవ్ తగ్గించి చూడండి. లాంగ్‌మిండ్ సిగ్నల్ పట్టి కాల్ సైన్ చూపించి, బొమ్మ మాత్రం నల్లగా ఉంటే గాలిలో లోపం లేదు. పంపేవారి కెమెరా ఎంపికనో, వీడియో కోడెక్‌నో సరిచూడమని చెప్పండి.